పరువు సంగతి తర్వాత, ముందు ఆ మీటర్ చూడండి

హనుమకొండ నుంచి ఒక తండ్రి రాశారు. కొడుకు మెకానికల్ డిప్లొమా పాసయ్యాడు. అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ అనే సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పిస్తానంటే వద్దంటున్నాడు, హైడ్రాలిక్ పనులు (ఆయిల్ ప్రెషర్‌తో నడిచే యంత్రాల రిపేర్లు) చేసే వర్క్‌షాప్‌కి పోతానంటున్నాడు. పైగా మేనమామ కరీంనగర్‌లో పాత బాబ్‌క్యాట్ (ముందు బకెట్ ఉండే చిన్న లోడర్ బండి) కొనబోతుంటే వెంట వెళ్లి, మీటర్ పెట్టి చూసి, "దీని ఆగ్జిలరీ బాగాలేదు మామా" అని, అంటే బ్రేకర్ లాంటి పనిముట్లకు ఆయిల్ పంపే లైను బాగాలేదని, బేరం చెడగొట్టాడట. "బావమరిది ముందు తలెత్తుకోలేకపోతున్నా, రెండిట్లో ఏ దారి మంచిదో చెప్పండి" అన్నది ప్రశ్న.

అన్నా, ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడాదీ వస్తుంది, పేర్లే మారతాయి. మీరడిగింది కోర్సు గురించే గానీ మీ భయం వేరే. చేతులకు గ్రీజు అంటిన కొడుకుని నలుగురిలో ఏమని చెప్పుకోవాలి, రేపు పిల్లనెవరిస్తారు, అదీ మీ బాధ.

మీరు పంపిన ఫొటోలో వాడు రాసుకున్న కాగితం ఉంది, దాన్ని మీరు చదివినట్టు లేరు. అమ్మేవాళ్లు బండి స్టార్ట్ చేసి, ముందు తగిలించిన బ్రేకర్‌తో పది నిమిషాలు రాయి కొట్టి చూపిస్తారు, అటూ ఇటూ తిప్పుతారు, చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిన పంపు లోపలి లీకు అప్పుడు బయటపడదు. చక్రాలు తిప్పే పంపులు వేరు, బకెట్‌నీ బ్రేకర్‌నీ నడిపే పంపు వేరు, కాబట్టి బండి పరుగెత్తినంత మాత్రాన ఏమీ తేలదు. మీవాడు ఆయిల్ వేడెక్కేదాకా ఆగి, ముందున్న కప్లర్లకు (బ్రేకర్ గొట్టాలు తగిలించే చోట) ఆయిల్ ఎంత వస్తోందో కొలిచే ఫ్లో మీటర్ తగిలించి, ఇంజిన్ ఫుల్ రేస్‌లో పెట్టి, మీటర్ వాల్వ్‌ని కొద్దికొద్దిగా మూస్తూ, అంటే లోడ్ పెంచుతూ, రాసుకున్నాడు. లోడ్ లేనప్పుడు నిమిషానికి 70 లీటర్లు, 150 బార్ ప్రెషర్ దగ్గర 45. అంటే మూడో వంతుకు పైగా ఆయిల్ పని చేయకుండా లోపలే జారిపోతోంది. కింద ఇంకో ముక్క కూడా రాశాడు, "బకెట్ కూడా వీక్" అని. బకెట్ బాగుండి ఇదొక్కటే తగ్గితే ఆగ్జిలరీ వాల్వ్ వైపు చూడాలి, రెండూ తగ్గాయంటే మొదటి అనుమానం పంపు మీదే. చదివిన చదువు చేతిలోకి వచ్చిన పిల్లాడు చేసే పని ఇది. మీ బావమరిది నెత్తిన పడబోయే అప్పుని వాడు ఆపాడు, దానికి మీరు ఇంట్లో వాణ్ని తిట్టారు. అది తప్పు, మొహమాటం లేకుండా చెప్తున్నా.

ఇక ఫుల్‌స్టాక్. సాఫ్ట్‌వేర్ చెడ్డదని నేననను, ఎవరూ చెప్పకుండానే రాత్రిళ్లు కూర్చుని కోడ్ రాసే పిల్లల్ని నేనే అటు పంపుతాను. కానీ ఇష్టం లేనివాణ్ని, పక్కింటోళ్ల అబ్బాయి పోయాడని పంపితే ఏమవుతుందో చాలా ఇళ్లల్లో చూశాను. ఆర్నెల్ల కోర్సు, ఆ తర్వాత హాస్టల్లోనే ఇంకో కోర్సు, ఇంటికి ఫోన్ చేయాలంటే సిగ్గు. "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్నవాళ్లని ఏ కంపెనీ, ఏ ఉద్యోగం, రాకపోతే ఫీజు తిరిగిస్తారా అని కాగితం మీద రాసిమ్మని అడగండి. వాళ్లు నీళ్లు నమిలితే మీకు జవాబు దొరికినట్టే.

వర్క్‌షాప్ దారి సుఖమని కూడా చెప్పను. మొదట్లో జీతం తక్కువ, బండి ఆగిందంటే అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. కానీ గోదావరిఖని, భూపాలపల్లి ఓపెన్‌కాస్టులు, కరీంనగర్ గ్రానైట్ క్వారీలు, ఊరూరా తిరిగే జేసీబీలు, ఇవన్నీ హైడ్రాలిక్స్ మీదే నడుస్తాయి. పార్టులు మార్చేవాళ్లు దొరుకుతారు, లోపం ఎక్కడుందో కొలిచి చెప్పేవాళ్లు తక్కువ.

మీరు నిజంగా టెన్షన్ పడాల్సింది ఒకటుంది. ప్రెషర్‌లో ఉన్న గొట్టానికి సూది మొనంత రంధ్రం పడినా ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న గాటులాగే ఉంటుంది, లోపల చెయ్యి పాడైపోతుంది. లీకు వెతకాలంటే అట్టముక్క పెట్టాలి, చెయ్యి పెట్టకూడదు. ఒకవేళ తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ఆ వర్క్‌షాప్‌లో కళ్లద్దాలు, గ్లౌజులు ఇస్తారా, ఎత్తిన ఆర్మ్ కింద దూరే ముందు లాక్ వేస్తారా, మీరే వెళ్లి చూడండి.

రెండు దారులూ పోల్చమన్నారు, నా మాట సూటిగా ఇదీ: ముందు డిప్లొమా వాళ్లకిచ్చే ఏడాది అప్రెంటిస్ కోసం నాట్స్ (ప్రభుత్వ అప్రెంటిస్ పథకం) పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి, స్టైపెండ్ వస్తుంది, సర్టిఫికెట్ ఉంటుంది. బీటెక్ మీద మనసు పుడితే డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ ప్రవేశ పరీక్ష ఎక్కడికీ పోదు. ఫుల్‌స్టాక్‌కి అడ్వాన్స్ కట్టేసి ఉంటే రసీదు తీసుకుని ఈ వారంలోనే వెనక్కి అడగండి. మీవాడు మీటర్ లెక్కలు రాసిన కాగితం మీ బావమరిదికి కూడా ఇవ్వండి, అదే బండి ఇంకా కావాలనుకుంటే పంపు ఖర్చు ధరలోంచి తగ్గించమని బేరం ఆడొచ్చు.