పరుపు కింద దొరికిన నవల

ప్రశ్న: మా పాపకు 15 ఏళ్లు. ఏడాదిగా టీనేజీ పిల్లల జీవితాల మీద వచ్చే నవలలు తప్ప మరే పుస్తకమూ ముట్టుకోవడం లేదు. ఈమధ్య దుప్పట్లు మారుస్తుంటే పరుపు కింద ఒక నవల కనిపించింది. మధ్యలో తెరిచి పది పేజీలు చదివేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అందులో అమ్మాయి చెయ్యి కోసుకుంటుంది. అమ్మ గొంతు వింటేనే ఒళ్లు మండుతుందంటుంది. చాలాచోట్ల మా పాప పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంది. ‘నాకు నచ్చినట్టు ఉంటే ఎవరికీ నచ్చను’ అన్న వాక్యం కింద రెండు గీతలున్నాయి. పుస్తకం లాక్కుని నిలదీస్తే, నా గదిలో ఎందుకు వెతికావంటూ తలుపు వేసుకుంది. నాలుగు రోజులుగా మాటల్లేవు. ఇలాంటి పుస్తకాలు ఇంట్లోకి రానివ్వొద్దంటున్నారు మావారు. అవి చదివే పాప ఇలా తయారవుతోందా? ఏం చేయమంటారు?

జవాబు: పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. ముందు పాప క్షేమంగా ఉందో లేదో తేల్చుకోండి. కథలో ఒక పాత్ర చెయ్యి కోసుకున్నంత మాత్రాన చదివే పిల్ల కూడా అదే చేస్తోందని కాదు. అయినా మీ భయం తీరే మార్గం ఆ పేజీల్లో లేదు, పాపను గమనించడంలోనే ఉంది. ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల బట్టలే వేసుకుంటోందా? ముంజేతి మీద వరసగా సన్నటి గాట్లు కనిపిస్తున్నాయా? ఇష్టంగా దాచుకున్న వస్తువులు ఉన్నట్టుండి ఎవరికైనా ఇచ్చేస్తోందా? ఈ వయసులో కుంగుబాటు ఎప్పుడూ ఏడుపుగానే బయటపడదు. చీటికీమాటికీ చిరాకు, నిద్ర తిండి తారుమారు కావడం, స్నేహితులకు దూరం జరగడం, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోవడం... ఇవి దాదాపు రోజూ, రెండు వారాలుగా కనిపిస్తుంటే మానసిక నిపుణులకు చూపించాల్సిందే. మీతో గొడవైన ఈ నాలుగు రోజుల ముభావాన్ని అందులో కలపకండి. అంతకుముందు ఎలా ఉందో గుర్తు చేసుకోండి.

చావు, గాయాల గురించి సూటిగా కూడా అడగాలి. ‘చచ్చిపోవాలని గానీ, నిన్ను నువ్వు గాయపరచుకోవాలని గానీ ఎప్పుడైనా అనిపించిందా?’ ఇంతే, చుట్టూ తిప్పకుండా. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది తల్లిదండ్రులు జంకుతారు. అలా జరగదు, అడిగినందువల్ల పిల్లలకు చెప్పుకునే దారి దొరుకుతుంది. పైన చెప్పిన లక్షణాల్లో ఏది కనిపించినా ఈ రోజే అడగండి. ఏవీ లేకపోతే, పుస్తకం తిరిగిచ్చిన ఒకటి రెండు రోజుల్లో అడగొచ్చు. అవునంటే తిట్టకండి, ‘ఇంకెప్పుడూ అలా అనుకోనని ఒట్టెయ్యి’ అనకండి. ఒంటరిగా వదలకుండా, మాత్రలూ పదునైన వస్తువులూ అందకుండా తీసి, ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. చావాలని లేదు, ఊరికే కోసుకున్నానన్నా డాక్టర్‌కు చూపించడం మానొద్దు.

అలాంటిదేమీ లేదని తేలితే పుస్తకం దగ్గరికి వద్దాం. మిమ్మల్ని ఎక్కువ కలవరపెట్టినవి ఆ పెన్సిల్ గీతలు. పిల్లలు ఒక వాక్యం కింద గీత పెట్టడానికి పది కారణాలుంటాయి. అది తన మాటే అనిపించవచ్చు. తన స్నేహితురాలు గుర్తుకు రావచ్చు. ఎన్నాళ్లుగానో లోపల గుచ్చుకుంటున్నదానికి మాటలు దొరికినట్టుండొచ్చు. వాక్యం బాగుందని, లేదా ఒళ్లు మండించిందని కూడా గీస్తారు. గీతను చూసి ఇందులో ఏదో మీరు చెప్పలేరు. ‘దీని కింద ఎందుకు గీశావ్?’ అని అడిగారో, రేపటి నుంచి గీతలు ఆగిపోతాయి, చదవడం మాత్రం ఆగదు.

ఆ రెండు గీతల వాక్యం మాత్రం 15 ఏళ్ల వయసుకు అచ్చంగా సరిపోయేదే. మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ సుమారు 12 నుంచి 18 ఏళ్ల మధ్య కాలాన్ని ‘నేనెవరు?’ అన్న ప్రశ్నతో పెనుగులాడే దశగా చెప్పారు. 1966లో మరో మనస్తత్వవేత్త జేమ్స్ మార్షియా దాన్ని ఇంకాస్త విడదీశారు. ఏదీ వెతకకుండానే పెద్దలు చెప్పినదాన్ని తనదిగా తీసుకునేవాళ్లు కొందరు, ఏదీ తేల్చుకోకుండా రకరకాలుగా వెతుకుతూ ఉండేవాళ్లు కొందరు. చూసేవాళ్లకు మొదటి రకం బుద్ధిమంతుల్లా, రెండో రకం దారి తప్పినవాళ్లలా కనిపిస్తారు. కానీ తమదంటూ ఒక నిర్ణయానికి వచ్చేవాళ్లు సాధారణంగా ఆ వెతుకులాట దాటే వస్తారు. జుట్టు, బట్టలు, స్నేహాలు, మాట తీరు నెలకోసారి మారిపోవడం అందులో భాగమే. ఈ రకం నవలలు పిల్లలకు నచ్చేది కూడా ఇందుకే. తాను ఏమీ పోగొట్టుకోకుండా, ఇంకొకరి జీవితంలో ఆ ప్రయోగాలన్నీ చేసి చూడొచ్చు. కాబట్టి పుస్తకం ఈ గందరగోళాన్ని తెచ్చిందనుకోకండి. గందరగోళం ఉంది కాబట్టే పాప ఈ పుస్తకం పట్టుకుంది.

ఇక మీరు చేయాల్సింది. ఈ రోజే పుస్తకం తిరిగివ్వండి. అందులో పెట్టుకున్న కాగితం ముక్కలు కదిలించకండి. ‘నీ పుస్తకం అడగకుండా తీసుకున్నాను, అరిచాను. తప్పే. ఇదిగో’ అని ఆపేయండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఆ తర్వాత ‘కానీ’ చేర్చడం. ‘కానీ నేను నీ మంచికే...’ అనగానే క్షమాపణ పోయి ఉపన్యాసం మొదలవుతుంది. పాప ‘సరే’ అని కూడా అనకుండా తలుపు వేసుకోవచ్చు. వేసుకోనివ్వండి.

తర్వాత ఆ నవల మీరూ చదవండి, మొదటి పేజీ నుంచి చివరిదాకా. పాప కాపీ వద్దు, ఆ గీతలు తన సొంతం. ‘నాకూ చదవాలనుంది, వేరే కాపీ తెచ్చుకుంటాను’ అని ముందే చెప్పి లైబ్రరీ నుంచో ఇంకెక్కడి నుంచో తెచ్చుకోండి. రోజుకు 36 పేజీలు చదివితే 250 పేజీల నవల వారంలో అయిపోతుంది. మొత్తం చదవమనడానికి కారణముంది. ఇలాంటి కథలు ఎక్కువగా ‘నేను’ అంటూ ఆ పిల్ల నోటితోనే నడుస్తాయి. ఆ పిల్లకు కనిపించినంతే మనకూ కనిపిస్తుంది. మధ్య భాగంలో పరిస్థితి బాగా దిగజారుతుంది, ప్రపంచమంతా తన మీద కత్తిగట్టినట్టుంటుంది. అమ్మ గురించి తాను పొరబడ్డ సంగతి ఆ పిల్లకు తెలిసొచ్చేది చాలా కథల్లో ఆఖరి భాగంలోనే. మీరు సరిగ్గా నడుమ పది పేజీలు చదివారు! డాక్టర్ రాసిన మందుల చీటీ చూడకుండా, రోగి మూలుగు ఒక్కటే విని వచ్చేసినట్టయింది.

చదివేటప్పుడు కొన్ని గమనించండి. ఆ పిల్ల పడ్డ బాధను వదిలేసి, గాయపరచుకోవడం ఎలాగో వివరంగా రాశారా? చావును సమస్యకు పరిష్కారంలా చూపించారా? ఆత్మహత్యల గురించి రాసేటప్పుడు ఈ రెండూ చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకు సూచిస్తుంది, నవలకూ అదే కొలత వాడుకోవచ్చు. మూడోది, కథలో పిల్ల గోడు వినే పెద్దమనిషి ఒక్కరైనా ఉన్నారా? నాలుగోది, సాయం అడిగాక మేలేమైనా జరిగిందా? మొదటి రెంటికీ అవునని, చివరి రెంటికీ లేదని జవాబు వస్తే అది మంచి పుస్తకం కాదని నా అభిప్రాయం. అప్పుడు కూడా లాక్కోకండి. ‘ఈ రచయిత ఆ పిల్లకు ఒక్క దారీ చూపించలేదు, నాకు కోపమొచ్చింది’ అని మీ మాటగా చెప్పండి. పాప వాదించవచ్చు. వాదిస్తే మంచిదే, మాటలు మొదలైనట్టే కదా.

నవల గురించి మాట్లాడేటప్పుడు ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. బట్టలు మడతపెడుతూనో, నడుస్తూనో, పక్కపక్కన ఉన్నప్పుడు పది నిమిషాలు చాలు. పాత్ర గురించి అడగండి, పాప గురించి వద్దు. ‘నీకూ ఇలాగే అనిపిస్తుందా?’ అంటే వచ్చే జవాబు ‘లేదు’. ‘ఆ స్నేహితురాలు రహస్యం దాచిపెట్టింది కదా, వాళ్లమ్మకు చెప్పేసి ఉండాల్సిందంటావా?’ అంటే జవాబు రావడానికి అవకాశముంది. అడిగాక లోపల పది లెక్కపెట్టుకోండి, మౌనం భరించలేక మీరే జవాబు చెప్పేయకండి. ‘ఏమో’ అంటే ఆ రోజుకు వదిలేయండి. మాటల్లో ‘ఆ అమ్మాయి’ కాస్తా ఎప్పుడో ‘నేను’ అవుతుంది. అప్పుడు పని ఆపి కళ్లలోకి చూడకండి, బట్టలు మడతపెడుతూనే ఉండండి. ఆ రాత్రే వాళ్ల నాన్నకు అన్నీ చెప్పేయడం కూడా వద్దు. ప్రాణానికి ముప్పున్న విషయం మాత్రం ఇద్దరికీ తెలియాలి. ‘అలాంటిదైతే దాచలేను’ అని పాపకు ముందే చెప్పి ఉంచండి.

మీవారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. నిద్రపోయే వేళ దాటాక చదవొద్దనడం, పెద్దవాళ్ల కోసమే రాసిన లైంగిక హింస ఉన్న పుస్తకాలను ఇంకొన్నేళ్లు ఆగి చదవమనడం సబబే, కారణం చెప్పి మరీ పెట్టాల్సిన హద్దులవి. మొత్తం నిషేధిస్తే మాత్రం పాప అదే వెతుకులాటను ఫోన్‌లోకి మారుస్తుంది. అక్కడ దొరికే ముక్కలకు ముందూ వెనకా ఉండదు, ముగింపు అసలే ఉండదు. పరుపు కింద నవల దొరికిందని భయపడే తల్లిదండ్రులకు ఈ తేడా వెంటనే తట్టదు. ఆయన్నూ ఆ నవల చదవమనండి. కనీసం ఆఖరి 60 పేజీలు.

మూడు నాలుగు వారాలైనా మీతో పెదవి విప్పకపోతే, పాప చనువుగా ఉండే పెద్దవాళ్లెవరో చూడండి. పిన్నో, అత్తో, టీచరో. వాళ్లతో గడిపే వీలు కల్పించండి. ప్రాణానికి సంబంధించిన విషయమైతే తప్ప, పాప ఏం చెప్పిందో మీకు చేరవేయమని వాళ్లను అడగకండి.