గిద్దెడు అంటే ఎంత?

విశాఖపట్నం

అమ్మాయీ,

మీ అమ్మమ్మ అనాస కేకు గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇసుక పోసిన డేగిసాలో గిన్నె దించి, మూత మీద నిప్పులు పోశాక, ఆవిడ పక్కకి వంగి లోపలి చప్పుడు వినేదని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. పాకం ఉడుకు చప్పుడు సన్నగిల్లితే తడి ఆరినట్టు. అది నువ్వు దగ్గరుండి చూసి రాసిన మాట.

ఆ వెంటనే "బెల్లం తగినంత, నెయ్యి తగినంత" అని రాశావు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఎవరికి తగినంత? మీ అమ్మమ్మ చేతికి తెలుసు. నీకు తెలీదు. తెలీని చోట ఆ మాట కప్పేశావు. కథలో "ఆమె బాధ వర్ణనాతీతం" అని రాసేవాళ్ళూ చేసేది ఇదే. నువ్వు ఆ దారిన పోకు.

ఈ మాట మీద నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. నా మొదటి వంట వ్యాసం ఒక వారపత్రికలో వచ్చింది. పనస తొనల కేకు. సోలెడు పిండి, గిద్దెడు నెయ్యి అని పాత కొలపాత్రల లెక్కలో కొలతలన్నీ రాసి పంపాను. పేజీలో చీరల ప్రకటన పెట్టాల్సి వచ్చిందని సంపాదకుడు కొలతలన్నీ కోసేసి, అన్నిటికీ కలిపి "తగినంత" అని వేశాడు. నాకు ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. రెండు వారాలకి శ్రీకాకుళం నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. పిల్లాడి పుట్టినరోజుకి చేస్తే ముద్దయిపోయిందట, అంత నెయ్యీ పారబోసుకుందట. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. తర్వాత రెండేళ్ళు ఆ పత్రికకి ఏమీ పంపలేదు. ఆ రోజుల్లో అదొక్కటే డబ్బులిచ్చేది, అయినా పంపలేదు. ఈమధ్య పత్రికల్లో వంటంటే అమ్మమ్మ ముడతల చేతుల మీద మూడు పేరాలు, కొలత ఒక్కటీ ఉండదు. నాకది నచ్చదు.

ఇక నీ మార్పుల సంగతి. ఓవెన్ వాడావు, మంచిదే, ఇప్పుడు ఇసుకా బొగ్గులూ ఎవరు తెస్తారు? కానీ మార్చిన చోటల్లా మార్చానని రాయలేదు. వాల్తేరు రైల్వే క్వార్టర్లలో పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆవిడ దగ్గర నేర్చుకున్న వంట అన్నావు. ఆవిడ వెన్న వేసి ఉంటుంది, మీ అమ్మమ్మ దాన్ని నెయ్యి చేసుకుంది. నువ్వు మళ్ళీ వెన్నకి వెళ్ళావు. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్ళే. మీ అమ్మమ్మ 80 గ్రాముల నెయ్యి వేసిన చోట నీకు 100 గ్రాముల వెన్న కావాలి, పాలు కాస్త తగ్గించాలి. ఇది రాయకపోతే చదివినవాళ్ళ కేకు తడితడిగా ఉండిపోతుంది.

అంతకన్నా పెద్ద తప్పు అనాస దగ్గర చేశావు. ఆవిడ ముక్కల్ని ముందు బెల్లం పాకంలో ఉడికించేది. నువ్వు డబ్బా ముక్కలు తెచ్చి ఆ పని ఎత్తేశావు. డబ్బాలోవి ముందే వేడి తగిలినవి కాబట్టి నీకు నడిచింది. సింహాచలం కొండ నుంచి వచ్చిన పచ్చి అనాసని అలాగే పాలు పోసిన పిండిలో కలిపి కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. పచ్చి పండులో పాలని విరిచే గుణముంది, ఉడికిస్తే పోతుంది. నేనూ ఒకసారి తొందరపడి ఉడికించకుండా వేసి, ఇంటికొచ్చిన చుట్టాల ముందు చేదు కేకు పెట్టాను. మా ఆడపడుచు మారుమాట లేకుండా పళ్ళెం పక్కన పెట్టేసింది. మీ అమ్మమ్మ రుచి కోసమే ఉడికించేదని నువ్వనుకున్నావు. పాలు చేదెక్కకుండానూ ఉడికించేది. పాత వంటలో ఏ పనైనా ఎత్తేసేముందు అది ఎందుకుందో కనుక్కో. బెల్లం బదులు పంచదార వేసిన చోట కూడా అంతే. అనకాపల్లి బెల్లం తన తడి తాను తెస్తుంది, త్వరగా రంగెక్కుతుంది, మాడేదీ త్వరగానే. నువ్వు రాసిన నలభై నిమిషాలు పంచదార లెక్క. బెల్లానికి ముప్ఫై దాటాక ఓవెన్ తలుపు దగ్గరే నిలబడాలి.

గిద్దెడు అంటే అరకప్పు అని ఎక్కడ తీసుకున్నావు? నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ అని మేం వల్లె వేసినవాళ్ళమే. కానీ ఒక ఊరి గిద్దెకీ ఇంకో ఊరి గిద్దెకీ పొంతన ఉండేది కాదు. 1956లో చట్టం చేసి మెట్రిక్ కొలతలు తెచ్చినా, మన వంటిళ్ళలో పాత గిద్దెలే చాలాకాలం తిరిగాయి. మీ అటక మీద మీ అమ్మమ్మ ఇత్తడి గిద్దె ఉండే ఉంటుంది. మీ అమ్మనడుగు. దాన్ని నిండా నీళ్ళతో నింపి, గిద్దె బరువు తీసేసి ఆ నీళ్ళు తూకం వెయ్యి. ఎన్ని గ్రాములైతే అన్ని మిల్లీలీటర్లు.

ఆ అంకె వేసి, పాత పద్ధతీ నీ పద్ధతీ రెండూ విడివిడిగా రాసి మళ్ళీ పంపు. సింహాచలం అనాసలు రాగానే నీ కాగితం పక్కన పెట్టుకుని నేను చేస్తాను. ఎక్కడ తేడా వచ్చినా ఆ వాక్యం కింద గీత గీసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పిన్ని