చేను నాది కాదు, సాగు నాది: సాయం ఎవరికి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. నాలుగెకరాలు మూడేళ్లుగా కౌలుకు చేస్తున్నాను. అంతా నోటి మాట మీదే. ఆసామి హైదరాబాద్‌లో ఉంటారు. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ డబ్బులు ఆయన ఖాతాలోనే పడుతున్నాయి. కౌలు కార్డుకు సంతకం పెట్టమంటే పెట్టనంటున్నారు. ఆ డబ్బు నాకు ఇప్పించమని కేసు వేయవచ్చా?

జవాబు: మీ బాధ న్యాయమైనదే. కానీ కేసు మాత్రం వేయకండి, నిలవదు. పీఎం కిసాన్ కింద కేంద్రం ఏటా ఇచ్చే 6,000 రూపాయలు భూమి ఉన్న కుటుంబాలకే. పొలం ఎవరు దున్నుతున్నారని ఆ పథకం అడగదు. కౌలు రైతుకు అందులో చోటు లేదు. కాబట్టి ఆసామి మీ డబ్బు తీసుకున్నారని కోర్టులో చెప్పలేం.

అన్నదాత సుఖీభవ సంగతి వేరు. 2025 ఆగస్టు 2న మొదటి విడత వేసిన ఈ పథకంలో, కేంద్రం 6,000కు రాష్ట్రం 14,000 కలిపి ఏడాదికి 20,000 ఇస్తామన్నది. ఇందులో కౌలు రైతులకూ చోటుంది. అయితే మీ చేతిలో కౌలు కార్డు ఉండాలి, ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదులో మీ పేరు ఎక్కాలి.

అసలు చిక్కంతా ఆ కార్డు దగ్గరే. 2011 నాటి చట్టంలో ఆసామి సంతకంతో పని లేకుండా రెవెన్యూ వాళ్లే విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ఆసామి సంతకం తప్పనిసరి చేసింది. సంతకం పెట్టని ఆసామిని బలవంతపెట్టే దారి ఇందులో లేదు. నా దృష్టిలో ఇది కౌలు రైతుకు జరిగిన పెద్ద అన్యాయం.

ఆసాముల భయం కూడా ఊరికే పుట్టింది కాదు. 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలుదారుకు గట్టి రక్షణలు ఇచ్చింది. కాగితం రాస్తే పొలం పోతుందన్న మాట ఇంటింటా నాటుకుపోయింది. కొత్త చట్టం అలాంటిది కాదు. ఒప్పందం 11 నెలలకే. పంట మీదే హక్కు, భూమి మీద ఏ హక్కూ రాదు. మీరు కార్డు తీసుకున్నంత మాత్రాన ఆయన పీఎం కిసాన్ కూడా ఆగదు. ఈ మాట ఫోన్‌లో చెబితే నమ్మరు. సంక్రాంతికో పెళ్లికో ఊరొచ్చినప్పుడు వీఆర్వో దగ్గర కూర్చోబెట్టి, ఒప్పంద పత్రం చదివి వినిపించండి. సంతకానికి ఒప్పుకుంటే, తనకొచ్చే సాయంలో కొంత కౌలులో తగ్గించేలా విడిగా ఒక కాగితం రాయించుకోండి. అలా రాసుకున్నది ఇద్దరినీ కట్టిపడేస్తుంది.

అప్పటిదాకా సాగు మీదేనని చెప్పే కాగితాలు పోగు చేయండి. మొన్న ఒక కౌలు రైతు ప్లాస్టిక్ కవర్లో యూరియా బిల్లులు తెచ్చారు. షాపులో మిషన్ మీద వేలిముద్ర వేసి కొన్నవి కాబట్టి, బిల్లులన్నీ ఆయన పేరునే ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటిని పారేద్దామనుకున్నారట! మీరూ దాచండి. కౌలు బస్తాలు కొలిచినప్పుడు చిన్న రసీదైనా తీసుకోండి, డబ్బయితే ఫోన్‌పేలో పంపండి. అన్నిటికన్నా ముఖ్యం ఈ-పంట. వ్యవసాయ సహాయకుడు చేలోకి ఫోటో తీయడానికి వచ్చే రోజు మీరే గట్టు మీద ఉండండి. సాగుదారుగా మీ పేరు రాయమని అడగండి. రాయకపోతే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. ధాన్యం అమ్మినప్పుడు డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నదానికీ, వరదకు పంట మునిగితే నష్టపరిహారం ఎవరికన్నదానికీ ఆ నమోదే ఆధారం.

వకీలు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఆదాయంతో పని లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి, మండల న్యాయ సేవా కమిటీలో ఉచితంగా సాయం దొరుకుతుంది. ఆసామికి నచ్చజెప్పడానికి అక్కడి లోక్ అదాలత్‌ను కూడా అడగవచ్చు.