మద్రాసు కుళాయి నీళ్లను నమ్మకు బుజ్జీ

బుజ్జీ,

వేళచ్చేరి ఫ్లాటులో బాత్రూమునే ఫిల్ము కడిగే డార్క్‌రూమ్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వడపళని స్టూడియోలో సగం జీవితం గడిపినవాణ్ణి, సంతోషం కాక ఇంకేముంటుంది. కానీ నాలుగైదు రకాల ఫిల్ములూ, అన్నే డెవలపర్లూ, అంటే ఫిల్ము మీద బొమ్మ తేల్చే మందులూ, ఒకేసారి తెప్పించి పోల్చి చూస్తావట, అక్కడే నాకు ఒళ్లు మండింది. అన్నీ కలిపి మారిస్తే తేడా ఫిల్ముదా, మందుదా, నీ చేతిదా, ఎలా తెలుస్తుందే?

ముందు ఒక్క ఫిల్ము, హెచ్‌పీ5 ప్లస్, ఒక్క డెవలపర్, ఐడీ-11. అంతే. ఐడీ-11 దొరక్కపోతే కోడాక్ డీ-76 తీసుకో, 1927 నాటి ఫార్ములా, రెండూ దాదాపు ఒకటే. ట్రై-ఎక్స్ ఫిల్ము కాంట్రాస్ట్ కాస్త ఘాటు, నాకు ప్రాణం, అయినా కొత్తచేతికి హెచ్‌పీ5 ఓర్పెక్కువ. రోడినాల్ అనే డెవలపర్ సీసా ఏళ్ల తరబడి పాడవదు, నిజమే, కానీ హెచ్‌పీ5 లాంటి 400 స్పీడు ఫిల్ముకి వాడితే గ్రెయిన్, అంటే బొమ్మలో గరుకు చుక్కలు, బాగా పైకి తేలుతుంది. అది తక్కువ స్పీడు ఫిల్ము ఎఫ్‌పీ4 కొన్నాక చూద్దువుగాని.

కడిగే డబ్బాలో పెట్టే రీలుకి ఫిల్ము ఎక్కించడం పనికిరాని రోలుతో వెలుతురులో నేర్చుకో.

ఇక అసలు సంగతి, నీళ్లు. మీ నాన్న సెలవులకు నా దగ్గరికొచ్చినప్పుడు, కత్తెర ఎండల్లో, ఒక సీమంతం రోలు కడగమని ఇచ్చాను. డెవలపర్‌ని ఐసు నీళ్ల బేసిన్‌లో పెట్టి బుద్ధిగా 20 డిగ్రీలకు తెచ్చాడు, బొమ్మను నిలిపే మందు, ఫిక్సర్ కూడా అయింది. తర్వాత మేడ మీది ట్యాంకు కుళాయి కింద పెట్టేశాడు. మధ్యాహ్నం ఆ నీళ్లు చేయి పెట్టలేనంత వేడి. తప్పు తెలిసి గాభరాపడి ఐసు నీళ్లలో ముంచాడు. ఫిల్ము తీసి బల్బుకి ఎదురుగా పెడితే ఆ అమ్మాయి ముఖం, గాజులు, పూలజడ, అన్నీ ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు. వేడికి ఉబ్బిన ఫిల్ము మీది జిలెటిన్ పొర ఒక్కసారిగా ముడుచుకుపోయింది మరి. వాళ్లింటికి నేనే వెళ్లి చెప్పాను. వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, తిట్టాలని నోటిదాకా వచ్చినా తిట్టలేకపోయాను. ఇప్పటి ఫిల్ములు అంత సున్నితం కావనుకో, అయినా నాకు ఆ భయం పోలేదు.

అందుకని 20 డిగ్రీల కోసం తంటాలు పడకు. డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు, అన్నీ 24 దగ్గర ఉంచు, బకెట్లో ముందే పట్టి పెట్టుకో. ఐడీ-11ని సగానికి సగం నీళ్లు కలిపి వాడు. 20 డిగ్రీల దగ్గర హెచ్‌పీ5కి 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9. నీళ్లు కలపకుండా వాడితే ఆ వేడికి అయిదు నిమిషాల దగ్గరికి పడిపోతుంది, అంత తక్కువలో మరకలు, చారలు వస్తాయి.

గ్లవ్స్ వేసుకో, డెవలపర్‌లో ఉండే మెటాల్ కొందరి చర్మానికి పడదు. మందుల్ని కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టావంటే మాత్రం ఊరుకోను, మీ పక్కింటి బుడ్డోడు నీ ఫ్రిజ్ తెరుస్తాడని మీ అమ్మే చెప్పింది.

మొదటి రోలు ఆరాక కిటికీకి ఎదురుగా పెట్టి ఫోన్లో ఫొటో తీసి పంపు. నీడల్లో ఏమీ కనిపించకపోతే ఎక్స్‌పోజర్ చాల్లేదన్నమాట, డెవలపింగ్ టైము పెంచితే రాదు. అప్పుడు వెలుతురు కొలిచే మీటర్‌ని 400 బదులు 200కి పెట్టుకుని ఇంకో రోలు తీద్దువుగాని.

పెదనాన్న