ప్రశ్న – జవాబు: చిన్న విమానంలో వెంట ఉంచుకొనే జీపీఎస్

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఐదు ఒకే విషయం గురించి ఉన్నందున వాటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాము. నాలుగు ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి, ఒకటి చంద్రపూర్ నుంచి వచ్చాయి. పగటిపూట, నేల కనిపిస్తుండగా, ఉద్యోగం కోసం కాక సరదా కోసం విమానం నడిపేవారిని దృష్టిలో ఉంచుకొని ఈ జవాబులు రాశాము.

ప్రశ్న: నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. సెలవుల్లో ఫ్లయింగ్ క్లబ్‌కు వెళ్లి సెస్నా 152 నడుపుతుంటాను. అందులో జీపీఎస్ లేదు. అమెరికాలో ఉన్న మా బావమరిది తాను వాడి పక్కన పెట్టిన గార్మిన్ కంపెనీ జీపీఎస్ 496 పంపుతానంటున్నాడు. అది తీసుకోవడం మంచిదా, కొత్తగా అదే కంపెనీ ఏరా 660 కొనాలా, లేక ట్యాబ్లెట్‌తో సరిపెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఉచితంగా వచ్చేదాన్ని కాదనడం కష్టమే అయినా, 496 విషయంలో మీరు ముందుగా చూడవలసింది ఆ పరికరం ఎంత బాగుందన్నది కాదు, దానిలో ఏ ప్రాంతపు సమాచారం ఉందన్నది. అది 2006లో వచ్చిన మోడల్. అమెరికాలో అమ్మిన సెట్టులో అమెరికా ఖండాల పటాలూ, అక్కడి కొండల ఎత్తులూ ఉంటాయి. ఆ రోజుల్లో దానికి పేరు తెచ్చిన ముఖ్య ఆకర్షణ ఉపగ్రహం ద్వారా వాతావరణ చిత్రాలు తెరమీదకు రావడం. ఆ ప్రసారం ఉత్తర అమెరికాకే పరిమితం కాబట్టి బరంపురంలో అది పనికిరాదు. ఇక 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క 1024 పూర్తయి మళ్లీ సున్నా నుంచి మొదలైంది. లోపలి సాఫ్ట్‌వేర్ పాతదైతే స్థానం సరిగానే చూపుతూ తేదీని మాత్రం దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపే అవకాశం ఉంటుంది. కాబట్టి మూడు సంగతులు మీ బావమరిది చేతనే అక్కడ తేల్చుకోండి: సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్‌కు మార్చారా, బ్యాటరీ ఛార్జి నిలుపుతున్నదా, భారతదేశం ఉన్న ప్రాంతపు విమానయాన డేటాబేస్‌ను ఆ మోడల్‌కు ఇప్పటికీ అమ్ముతున్నారా. మూడోదానికి జవాబు ‘లేదు’ అని వస్తే, దాన్ని దిక్కూ వేగమూ చూపే పెట్టెగా వాడుకోవచ్చు గానీ, గగనతల హద్దుల విషయంలో దాని మాట నమ్మకూడదు.

కొత్తది కొనేటప్పుడు కూడా ఇదే కొలబద్ద. ప్రకటనల్లో కనిపించే సదుపాయాలలో సగం వరకూ అమెరికాలో భూమి మీద కట్టిన ఏర్పాటును బట్టి నడిచేవి. ఏడీఎస్-బీ (విమానాలు తమ స్థానాన్ని రేడియోలో ప్రసారం చేసే పద్ధతి) రిసీవర్ కొంటే ఉచితంగా వాతావరణ సమాచారం వస్తుందని అక్కడివారు చెప్పే మాట నిజమే. అది 978 మెగాహెర్ట్జ్ మీద అక్కడి నేల కేంద్రాలు ప్రసారం చేసేది. మన దేశంలో ఆ ప్రసారం లేదు. అందుకోసం రూపాయి కూడా అదనంగా పెట్టవద్దు. పెట్టెమీద ‘వాస్’ అని రాసి ఉండటాన్ని చూసి కూడా మురిసిపోనక్కరలేదు. అది జీపీఎస్ చూపే స్థానంలోని తేడాను సరిచేసే అమెరికా దిద్దుబాటు వ్యవస్థ. మనకు ఉన్నది ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి నెలకొల్పిన గగన్. 2013 చివర్లో దారి చూపే పనికీ, 2015లో దిగే పనికీ దానికి ధ్రువీకరణ లభించింది. రిసీవర్ గగన్‌ను అందుకుంటే మంచిదే, కానీ నేలను చూస్తూ ఎగిరే మీకు అయిదు మీటర్ల తేడాకూ రెండు మీటర్ల తేడాకూ మధ్య పెద్ద భేదం ఉండదు. సెకనుకు పదిసార్లు స్థానం చెబుతుందన్న గొప్పకూడా అటువంటిదే. తొంభై నాట్ల వేగంలో విమానం సెకనుకు 46 మీటర్లు సాగుతుంది. సెకనుకు ఒక్కసారి చెప్పినా మీకు సరిపోతుంది.

మరి దేనికి డబ్బు పెట్టాలంటే, మా లెక్కలో మొదటిది ఎండలో కనిపించే తెర. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద చూసి కొనకండి. మధ్యాహ్నం రెండు గంటలకు ఆరుబయట, మీరు విమానంలో పెట్టుకొనే నల్లకళ్లద్దాలతోనే చూడండి. అవి పోలరైజ్డ్ అద్దాలైతే, తెరను అడ్డంగా తిప్పినప్పుడో నిలువుగా తిప్పినప్పుడో మొత్తం నల్లబడిపోవచ్చు. రెండోది తెరను వేలితో తాకి వాడే తీరు. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలు దాటాక వేడెక్కిన నేల మీద చిన్న విమానం ఎలా ఎగిరెగిరి పడుతుందో మీకు తెలియనిది కాదు. ఆ కుదుపులో తెరమీద వేలు ఒకచోట పెట్టబోతే మరొకచోట తగులుతుంది. ఈ ఒక్క విషయంలో మీటలున్న పాత 496 కొత్త ఏరా కంటే మెరుగు. మూడోది కరెంటు. ఏరా 660 లోపలి బ్యాటరీ దాదాపు నాలుగు గంటలు వస్తుందని తయారీదారు చెప్పే మాట. పూర్తి వెలుగులో పెట్టి వాడితే అంతకంటే తక్కువే అనుకొని, పవర్ బ్యాంక్ వెంట ఉంచుకోండి.

ఇవన్నీ చెప్పాక మా అభిప్రాయం: క్లబ్ విమానాన్ని ఎప్పుడో ఒకసారి నడిపేవారికి ప్రత్యేకమైన విమాన జీపీఎస్ కొనడం దండగ. సొంత మైక్రోలైట్ (బాగా తేలికైన చిన్న విమానం) ఉండి, నెలనెలా ఎగిరేవారైతే అయిదు అంగుళాల ఏరా 660 చాలు. ఏడు అంగుళాల ఏరా 760 చూడటానికి బాగుంటుంది కానీ, 152 వంటి ఇరుకైన కాక్‌పిట్‌లో దాన్ని బిగిస్తే విమానపు మీటర్లలో ఏదో ఒకటి దాని వెనక్కి పోతుంది. మీరు మాత్రం ట్యాబ్లెట్‌తో మొదలుపెట్టండి. దాని మంచి చెడ్డలు కింది జవాబులో ఉన్నాయి.

ప్రశ్న: మా అబ్బాయి వాడి వదిలేసిన ఐప్యాడ్ ఉంది. సిమ్ పెట్టే వీలు లేని రకం. విమానంలో మ్యాపు చూసుకోవడానికి అది పనికొస్తుందా? మా ఊరి ఎండలు మీకు తెలియనివి కావు.
– ఒక పాఠకుడు, చంద్రపూర్

జవాబు: ఉన్నది ఉన్నట్టుగా అయితే పనికిరాదు. వై-ఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదు. ఇంట్లో అది స్థానం చూపుతున్నట్టు అనిపించేది చుట్టుపక్కల వై-ఫై రౌటర్లను బట్టి. సిమ్ రకం ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉంటుంది, సిమ్ వేయకపోయినా అది పనిచేస్తుంది. మీదానికి గార్మిన్ గ్లో వంటి బ్లూటూత్ రిసీవర్ జతచేస్తే లోటు తీరుతుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో వై-ఫై రకానికి కూడా కొన్నింటిలో జీపీఎస్ ఉంటుంది కాబట్టి, కొనేముందు వివరాల పట్టిక చదవాలి.

ఎండ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని ఆపిల్ సంస్థే చెబుతుంది. మే నెలలో చంద్రపూర్‌లో నీడపట్టునే అంతకు మించి ఉంటుంది. విమానం అద్దం కింద, ఎండ నేరుగా పడే చోట బిగించిన ట్యాబ్లెట్ మొదట వెలుగు తగ్గించుకుంటుంది, తరువాత ఛార్జి ఎక్కడం మానేస్తుంది, చివరికి చల్లబడేదాకా ఆగమని హెచ్చరిక చూపి ఆగిపోతుంది. దాన్ని తోలు కవరులోంచి తీసి, వెనక గాలి ఆడేలా, మోకాలి మీద నీడలో పెట్టుకోండి. ఉదయం ఎనిమిది గంటల లోపే ఎగిరి దిగిపోయే అలవాటుంటే ఈ బాధ సగం తగ్గుతుంది. యాప్‌కు చందా కట్టేముందు కూడా మొదటి జవాబులోని మాటే వర్తిస్తుంది: ఫోర్‌ఫ్లైట్, స్కైడీమన్ వంటి పేరున్న యాప్‌లు ముందుగా అమెరికా, ఐరోపా పైలట్ల కోసం తయారైనవి. ఉచితంగా చూడనిచ్చే రోజుల్లోనే నాగపూర్ చుట్టుపక్కల గగనతలం తెరమీదకు తెచ్చి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉచితంగా ప్రచురించే ఇ-ఏఐపీ (అధికారిక విమానయాన సమాచార సంపుటి)లోని హద్దులతో పోల్చుకోండి. సరిపోకపోతే చందా వద్దు.

ప్రశ్న: పారామోటర్ (వీపున ఇంజిన్ కట్టుకొని, పారాచూట్ వంటి రెక్కతో ఎగరడం) నేర్చుకుంటున్నాను. గోపాల్‌పూర్ బీచ్‌లో నిలబడి ఫోను చూస్తే ఎత్తు మైనస్ యాభై మీటర్లకు పైగా చూపింది. నా ఫోను చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఫోను బాగానే ఉంది. జీపీఎస్ లెక్కగట్టే ఎత్తు నునుపైన ఒక ఊహా గోళం నుంచి, అంటే డబ్ల్యూజీఎస్-84 అనే గణిత రూపం నుంచి కొలిచేది. అసలు సముద్రమట్టం ఆ రూపంతో అన్నిచోట్లా కలవదు. భూమి ఆకర్షణలోని హెచ్చుతగ్గుల వల్ల హిందూ మహాసముద్రం వైపు అది బాగా కుంగి ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన ఈ కుంగుబాటు సుమారు 106 మీటర్లు, ప్రపంచంలోనే అత్యధికం. మన తీరంలో కూడా అది పదుల మీటర్లలోనే ఉంటుంది. విమానాల కోసం చేసిన జీపీఎస్‌లు ఈ తేడాను తమంతట తామే సవరించి చూపుతాయి. చాలా ఫోను యాప్‌లు సవరించకుండా చూపుతాయి. సెట్టింగ్‌లలో సగటు సముద్రమట్టం అన్న ఎంపిక ఉందేమో వెతికి పెట్టుకోండి.

సవరించిన తరువాత కూడా అది ఆల్టిమీటర్ చూపే ఎత్తుతో సరిపోలాలని ఆశించకండి. ఆల్టిమీటర్ గాలి ఒత్తిడిని బట్టి చెబుతుంది. వేసవిలో గాలి ప్రామాణిక లెక్క కంటే ఇరవై డిగ్రీలు వేడిగా ఉంటే, ఆల్టిమీటర్ అయిదు వేల అడుగులు చూపుతున్నప్పుడు జీపీఎస్ మరో మూడు నాలుగు వందల అడుగులు ఎక్కువ చూపుతుంది. నిజమైన ఎత్తుకు జీపీఎస్సే దగ్గర. అయినా ఆకాశంలో తక్కిన విమానాలన్నీ ఆల్టిమీటర్‌ను బట్టే ఎత్తులు పాటిస్తాయి గనుక, రేడియోలో మీరు చెప్పవలసింది ఆల్టిమీటర్ అంకె.

ప్రశ్న: జీపీఎస్ ఉండగా మా ఇన్‌స్ట్రక్టర్ గారు కాగితం మ్యాపు మీద గీతలు గీసి, గడియారం చూసి లెక్కలు వేయమంటున్నారు. ఈ రోజుల్లో ఇది అవసరమా?
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మీ ఊరితోనే చెబుతాము. బరంపురం మీద ఉండి, జీపీఎస్‌లో పర్లాకిమిడి ఎంచుకొని ‘డైరెక్ట్ టు’ నొక్కండి. సుమారు 51 నాటికల్ మైళ్ల తిన్నని గీత ఒకటి తెరమీద పడుతుంది. ఆ గీత దాదాపుగా మహేంద్రగిరి మీదుగా పోతుంది. శిఖరం ఎత్తు 1501 మీటర్లు, అంటే 4925 అడుగులు. వర్షాకాలంలో ఆ కొండ తల మబ్బులో ఉండటం మీరు మేడమీద నుంచి చూసేదే. ఎత్తుల డేటాబేస్ ఉన్న పరికరం, విమానం నేలకు వెయ్యి అడుగుల లోపుకు వస్తే ఆ భాగాన్ని పసుపుగా, వంద అడుగుల లోపుకు వస్తే ఎరుపుగా చూపుతుంది. తెర ఎర్రబడేసరికి మీరు లోయలో ఉంటే, వెనుదిరగడానికి చోటు ఉండకపోవచ్చు.

కాగితం మీద గీత గీసినవాడికి ఈ కొండ బయలుదేరక ముందే కనిపిస్తుంది. అతడు తీరం వెంబడి రైలు పట్టాలనూ జాతీయ రహదారి 16నూ పట్టుకొని ఇచ్ఛాపురం, సోంపేట, పలాస మీదుగా వెళ్లి, నౌపడ దగ్గర గుణుపురం వైపు విడిపోయే లైను వెంట తిరుగుతాడు. 2011లో బ్రాడ్‌గేజ్ అయిన ఆ లైను మీ ఊరి మీదుగానే పోతుంది. పావుగంట ఎక్కువ పడుతుంది, అంతే. జీపీఎస్‌లో కూడా ఇవే ఊళ్లను వరుసగా వేపాయింట్లుగా, అంటే దారిలోని గుర్తులుగా, పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, నేల మీద, ఆ పని పూర్తిచేయండి.

జీపీఎస్‌లోని విమానయాన డేటాబేస్ 28 రోజులకొకసారి మారుతుంది. ఆ మధ్యలో వచ్చే ఆంక్షలు దానికి తెలియవు. గోపాల్‌పూర్‌లో సైన్యపు వాయు రక్షణ కళాశాల ఉంది, విశాఖపట్నం గగనతలం నౌకాదళం అదుపులో ఉంటుంది. ఏ రోజు ఏ గంటలకు ఎక్కడ ఆంక్ష ఉందో నోటమ్‌లు (పైలట్ల కోసం అధికారికంగా జారీచేసే ప్రకటనలు) చదివితేనే తెలుస్తుంది. ఫ్లైట్ ప్లాన్ ఇచ్చి, ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్), ఏడీసీ (వాయు రక్షణ విభాగపు అనుమతి) నంబర్లు తీసుకోవడం జీపీఎస్ ఉన్నా లేకపోయినా తప్పదు.

ప్రశ్న: జీపీఎస్‌తోపాటు ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరం ఒకటి విదేశాల్లో దొరుకుతుందట. కొండల్లో ఫోను సిగ్నల్ ఉండదు కదా, తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: తెప్పించుకోవద్దు. జీపీఎస్ సంకేతాన్ని అందుకోవడానికి లైసెన్స్ అక్కరలేదు గానీ, ఉపగ్రహానికి తిరిగి సందేశం పంపే పరికరాలు మన దేశంలో టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. విమానాశ్రయ తనిఖీల్లో ఇటువంటి వాటితో పట్టుబడి పోలీసు కేసుల పాలైన విదేశీ యాత్రికులు ఉన్నారు. బయలుదేరే ముందు దారినీ చేరే సమయాన్నీ కాగితం మీద రాసి క్లబ్‌లో ఒకరికి ఇవ్వండి, చెప్పిన సమయం దాటి అరగంటైనా మీరు ఫోను చేయకపోతే ఎవరికి కబురు చేయాలో ఆ కాగితం మీదే రాసి ఉంచండి.