గట్టు మీద నుంచి ఫిష్ ఫైండర్: సిగ్నల్ పోతుంటే

ఫిష్ ఫైండర్ అంటే నీళ్లలోకి విసిరే బంతి; శబ్ద తరంగాలతో చేపల్ని పసిగట్టి ఫోన్ స్క్రీన్ మీద చూపిస్తుంది. సిగ్నల్ పోతోందని కొత్తది కొనకండి, ఆగండి. యానాం గట్టు నుంచి విసిరిన బంతి 20 మీటర్లు దాటగానే స్క్రీన్ ఆగిపోతోందంటే, తప్పు ఎక్కువగా ఫోన్‌దే.

1. బంతి ఇచ్చే వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. అది చూసి చాలా ఫోన్లు తమంతట తామే మొబైల్ డేటాకి మారిపోతాయి. ముందు డేటా ఆపేయండి. అందరూ మరిచేది ఇదే. నేనూ గౌతమి ఒడ్డున ఒక పూటంతా ఇలాగే పోగొట్టుకున్నా.

2. ఫోన్ ఒళ్లో పెట్టుకోకుండా ఛాతీ ఎత్తులో పట్టుకోండి. నీటికి దగ్గరగా ఉంటే వైఫై తొందరగా తెగుతుంది.

3. అయినా పోతుంటే అది బ్లూటూత్ రకమేమో చూడండి. బ్లూటూత్ సిగ్నల్ వైఫై అంత దూరం అందదు. అది బ్లూటూత్ రకమైతేనే వైఫైది కొనండి. 15 డిగ్రీల బీమ్ (బంతి కిందికి పంపే తరంగాల వెడల్పు) ఒక్కటే ఉన్నది వద్దు: 10 అడుగుల లోతులో అడుగున రెండున్నర అడుగుల మేరే కనిపిస్తుంది. పండుగప్పని వెతకడానికి అది చాలదు. మీ రాడ్ ఆ బంతి బరువు విసరగలదో లేదో కూడా చూసుకోండి.