సంక్రాంతికి ఊరెళ్తూ బెంగళూరులో కుక్కల్ని ఎక్కడ వదలాలి?

రెండు కుక్కల్ని వారం రోజులు ఉంచడానికి మంచి బోర్డింగ్ ఎలా ఎంచుకోవాలని అడిగారు. ఫొటోలు చూసి బుక్ చేయకండి. స్వయంగా వెళ్లి, అవి రాత్రి పడుకునే గది చూపించమనండి. లాన్ అయితే అందరూ చూపిస్తారు! గోడ పగుళ్లలో పిడుదులు కనిపిస్తే అక్కడినుంచే వెనక్కి తిరగండి. అవి కుట్టి టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) వచ్చిందంటే వారాల తరబడి మందులు వాడాలి.

టీకాల కార్డు అడగని చోటు అసలు వద్దు. మీ కుక్కల్ని అడగలేదంటే పక్క కుక్కనీ అడిగి ఉండరు. రేబిస్, పార్వో, డిస్టెంపర్ (ప్రాణాల మీదికి తెచ్చే వైరస్ జబ్బులు) టీకాలతో పాటు కెన్నెల్ కాఫ్ (కుక్కల మధ్య అంటుకునే దగ్గు) టీకా కూడా కనీసం రెండు వారాల ముందే వేయించండి. రాత్రి అక్కడ కుక్కల్ని చూసుకునే మనిషి ఉంటాడా, వాచ్‌మన్ ఒక్కడేనా కనుక్కోండి.

తిండి ఇంటిదే పంపండి, ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. రెంటినీ ఒకే గదిలో ఉంచినా గిన్నెలు దూరంగా పెట్టమనండి. మావి ఇంట్లో ఒక్కరోజూ కొట్టుకోలేదు, అక్కడ మాత్రం పెరుగన్నం దగ్గర చెవి కొరుక్కున్నాయి.